గ్యాస్ పైపు ఏది వేయించాలి? రాగి, జీఐ, ప్లాస్టిక్.. వంటింటి లైన్‌కు ముందు తెలుసుకోవాల్సినవి ఇవే

కొత్త ఇల్లు కడుతున్నారా? గ్యాస్ బండ బయట పెట్టి, పైపు లాగి పొయ్యికి కనెక్షన్ ఇప్పించాలని ఆలోచిస్తున్నారా? ఉమ్మడి గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఇప్పుడు పట్టణాల్లోనే కాదు, మిర్చి, పత్తి పండే ఊళ్లలో కట్టే ఇళ్లలోనూ ఈ పద్ధతి కనిపిస్తోంది. వంటింట్లో చోటు మిగులుతుంది, బండ మార్చడం తేలిక, లీకైనా బయటే ఉంటుందన్న ధీమా. బాగానే ఉంది. కానీ ఏ పైపు వేయించాలన్న దగ్గరే చాలామంది పొరబడుతున్నారు. నీళ్ల పైపు మిగిలింది కదా అని దాన్నే గ్యాస్‌కు వాడటం, ఏసీ పనిలో మిగిలిన రాగి ముక్కలు అతికించడం, గోడలో పెట్టి సిమెంట్ పూసేయడం.. ఇవన్నీ ప్రమాదాన్ని ఇంట్లో పెట్టుకోవడమే. ఏ పైపు ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ పనికిరాదు, మన నల్లరేగడి నేలలో ఏం జాగ్రత్త పడాలి? ఒక్కొక్కటిగా చూద్దాం.

అసలు గ్యాస్ ఒత్తిడి ఎంత?

గ్యాస్ అంటే భయంకరమైన ప్రెషర్ ఉంటుందని, పైపు ఎంత మందంగా ఉంటే అంత మంచిదని చాలామంది అనుకుంటారు. సిలిండర్ లోపల ఒత్తిడి ఎక్కువే. కానీ రెగ్యులేటర్ దాటాక కథ మారిపోతుంది. ఇంట్లో వాడే 14.2 కిలోల సిలిండర్ రెగ్యులేటర్ నుంచి వచ్చే ఒత్తిడి దాదాపు 30 మిల్లీబార్లు. అంటే 30 సెంటీమీటర్ల ఎత్తు నీళ్లు కలిగించే ఒత్తిడి మాత్రమే. ఇంటి మీద 10 మీటర్ల ఎత్తులో ఉన్న నీళ్ల ట్యాంకు కింద కుళాయి దగ్గర ఇచ్చే ఒత్తిడి దీనికి 30 రెట్లకు పైనే. పైప్‌లైన్ గ్యాస్, అంటే పీఎన్‌జీ అయితే ఇంకా తక్కువ.. 21 మిల్లీబార్లు.

మరి అంత తక్కువ ఒత్తిడికి ప్లాస్టిక్ పైపు సరిపోదా? ఒత్తిడికైతే సరిపోతుంది. కానీ గ్యాస్ పైపు పగిలేది ఒత్తిడికి కాదు. మంటకు కరుగుతుంది, ఎలుక కొరుకుతుంది, మేకు దిగుతుంది, నేల కదిలితే జాయింట్ వదులవుతుంది, తుప్పు తింటుంది. పైపు ఎంచుకునేటప్పుడు చూడాల్సింది ఈ ఐదింటినే. నీళ్ల పైపు కారితే గోడ తడిసి కనిపిస్తుంది. గ్యాస్ కారితే కంటికి కనిపించదు. గాలిలో ఎల్పీజీ 2 శాతం దాకా చేరితే చాలు, చిన్న నిప్పురవ్వకు అంటుకుంటుంది.

పీవీసీ, సీపీవీసీ: గ్యాస్‌కు వద్దే వద్దు

ఇది మొదటి నియమం. బోరు నీళ్లకు వాడే పీవీసీ, బాత్‌రూంలో వేడినీళ్లకు వాడే సీపీవీసీ, పొలంలో డ్రిప్‌కు వాడే నల్ల పైపు.. ఇవేవీ ఇంటి గ్యాస్ లైన్‌కు పనికిరావు. పీవీసీ దాదాపు 80 డిగ్రీల వేడికే మెత్తబడుతుంది. ఎండకు పెళుసుబారుతుంది. గమ్ పూసి అతికించిన జాయింట్ గ్యాస్ కోసం చేసింది కాదు. వంటింట్లో చిన్న మంట లేచినా ముందు పైపు కరిగి, లోపలి గ్యాస్ ఆ మంటకే ఆజ్యం పోస్తుంది. చిన్న ప్రమాదం పెద్దది అయ్యేది ఇక్కడే.

మరి పైప్‌లైన్ గ్యాస్ కంపెనీలు వీధుల్లో ప్లాస్టిక్ పైపులే పాతుతున్నాయి కదా అనే డౌట్ రావచ్చు. నిజమే. అవి పీఈ, అంటే పాలిథిలిన్ పైపులు. పసుపు లేదా నారింజ రంగులో ఉంటాయి. గ్యాస్ కోసమే ఐఎస్ 14885 ప్రమాణంతో తయారు చేస్తారు. గమ్‌తో అతికించరు, వేడి చేసి రెండు ముక్కలను ఒకటిగా కరిగించి కలుపుతారు. అన్నిటికన్నా ముఖ్యం, అవి భూమి లోపల ఉంటాయి. అక్కడ మంట తగలదు, ఎండ తగలదు. నేల కాస్త కదిలినా వంగుతాయి తప్ప విరగవు. అదే పైపు భూమి పైకి రాగానే కంపెనీవాళ్లు లోహపు పైపుకు మారిపోతారు. ప్లాస్టిక్ మంచిదా చెడ్డదా అన్నది కాదు.. ఎక్కడ వాడుతున్నామన్నదే అసలు విషయం.

జీఐ పైపు: గట్టిదే, కానీ మర దగ్గర జాగ్రత్త

ఇనుప పైపుకు జింక్ పూత పూసిందే జీఐ. మంటకు తట్టుకుంటుంది, ఎలుకలు ఏమీ చేయలేవు, పొరపాటున మేకు కొట్టినా అంత తేలిగ్గా దిగదు. అపార్ట్‌మెంట్ గోడల మీద పసుపు రంగు వేసి పైకి తీసుకెళ్లే గ్యాస్ పైపులు సాధారణంగా ఇవే.

ఇందులో మూడు రకాలు ఉంటాయి. లైట్, మీడియం, హెవీ. ఐఎస్ 1239 ప్రమాణం ప్రకారం అర అంగుళం పైపు గోడ మందం లైట్‌లో 2 ఎంఎం, మీడియంలో 2.6 ఎంఎం, హెవీలో 3.2 ఎంఎం. గుర్తుపట్టడానికి పైపు మీద రంగు పట్టీ ఉంటుంది. లైట్‌కు పసుపు, మీడియంకు నీలం, హెవీకి ఎరుపు. ఇక్కడే చాలామంది మోసపోతారు. పసుపు పట్టీ కనిపించగానే అది గ్యాస్ పైపు అనుకుంటారు. కాదు. అది పలుచని లైట్ రకం అని అర్థం.

పలుచగా ఉంటే నష్టం ఏంటి? జీఐ పైపులను మర కోసి, ఎల్బో, సాకెట్ బిగించి కలుపుతారు. అర అంగుళం పైపుకు మర కోస్తే దాదాపు 1.1 ఎంఎం లోహం పోతుంది. లైట్ పైపులో మిగిలేది 1 ఎంఎం కూడా ఉండదు. మీడియంలో 1.5 ఎంఎం, హెవీలో 2 ఎంఎం మిగులుతుంది. పైగా మర కోసిన చోట జింక్ పూత కూడా పోతుంది. తుప్పు ముందు మొదలయ్యేది అక్కడే. చీరాల, బాపట్ల, కొత్తపట్నం వైపు ఉప్పు గాలి తగిలే ఊళ్లలో ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. కాబట్టి జీఐ వేయిస్తే కనీసం మీడియం, కుదిరితే హెవీ. బిగించాక మర బయటికి కనిపించే చోట రంగు తప్పనిసరి.

జాయింట్‌లో ఏం చుడుతున్నారో కూడా చూడండి. నీళ్ల పనికి వాడే జనపనార దారం గ్యాస్‌కు సరిపోదు. నీళ్లకైతే అది తడికి ఉబ్బి సందు మూసుకుంటుంది. పొడి గ్యాస్‌లో ఎండిపోయి ముడుచుకుంటుంది. గ్యాస్‌కు సరిపడే మందపాటి టేప్ లేదా గ్యాస్ కోసం చేసిన పేస్ట్ మాత్రమే వాడాలి.

రాగి పైపు: జాయింట్లు తక్కువ, అదే దాని బలం

ఇంటి లోపల లైన్‌కు ఎక్కువమంది ఎంచుకునేది రాగి. కారణం ఉంది. రాగి వంగుతుంది. మూల దగ్గర ఎల్బో పెట్టకుండానే తిప్పొచ్చు. లీక్ అయ్యేది ఎక్కువగా జాయింట్ల దగ్గరే కాబట్టి, జాయింట్ ఎంత తక్కువైతే అంత మేలు. రాగి కరగాలంటే 1085 డిగ్రీల వేడి కావాలి. ఎలుకలు కొరకలేవు. ఇనుములా తుప్పు పట్టదు.

అయితే రాగి పైపు ఎంత మంచిదైనా అతుకు నాసిగా ఉంటే ప్రయోజనం లేదు. ఎలక్ట్రానిక్ పనులకు వాడే మెత్తటి తగరం సోల్డర్ 180 నుంచి 230 డిగ్రీలకే కరిగిపోతుంది. మంట లేస్తే పైపు నిలుస్తుంది కానీ జాయింట్ ఊడిపోతుంది. అందుకే బ్రేజింగ్ చేయించాలి. ఏసీ మెకానిక్‌లు గ్యాస్ వెల్డింగ్ సెట్‌తో, రాగి లేదా వెండి కలిసిన రాడ్‌తో చేసే పని అది. లేదంటే గ్యాస్‌కు సరిపడే ఇత్తడి ఫిట్టింగ్‌లు వాడాలి. ఏసీ పనిలో మిగిలిన సన్నటి ముక్కలను నాలుగైదు చోట్ల అతికించి లైన్ లాగితే, రాగి వాడిన లాభమే పోతుంది. ఒకే పొడవు పైపు అడగండి.

రాగికి పడనిది ఒకటుంది.. అమ్మోనియా. ఇది మన ప్రాంతంలో ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి. పత్తి, మిర్చి రైతుల ఇళ్లలో యూరియా, డీఏపీ బస్తాలు వసారాలోనో, వంటింటి వెనక గదిలోనో పేర్చడం మామూలే. చెమ్మ తగిలిన ఎరువు, గొడ్ల చావిడిలో మూత్రం.. రెండూ అమ్మోనియాను వదులుతాయి. అది రాగిని తింటుంది. ఇత్తడి ఫిట్టింగ్‌లను పగుళ్లు తెప్పిస్తుంది. ఎరువుల చెమ్మ జీఐ మీద జింక్ పూతకూ మంచిది కాదు. కాబట్టి ఏ పైపు వేసినా ఎరువుల గది గుండా, చావిడి గోడ వెంట తీసుకెళ్లొద్దు. వేరే దారి లేకపోతే పైన కవరింగ్ ఉన్న పైపు వాడాలి.

అల్యూమినియం కలిసిన కాంపోజిట్ పైపు

మధ్యలో అల్యూమినియం పొర, లోపలా బయటా పాలిథిలిన్ పొర ఉండే పైపులు కూడా మార్కెట్‌లో ఉన్నాయి. చేత్తో వంచొచ్చు, పని త్వరగా అవుతుంది. కానీ ఇలాంటి పైపుల్లో నీళ్ల కోసం చేసినవే ఎక్కువ దొరుకుతాయి. గ్యాస్ కోసం చేసినది వేరు, దాని ఫిట్టింగ్‌లు వేరు. పైపు మీద గ్యాస్ అని ముద్ర లేకపోతే తీసుకోవద్దు. మంట తగిలితే పై పొర, లోపలి పొర ముందే కరుగుతాయి కాబట్టి పొయ్యికి దగ్గరగా ఇది రాగి, జీఐలకు సాటి రాదు.

చివరి మీటరే అసలు సమస్య

పైపు ఎంత ఖరీదైనది వేసినా, చివర్లో పొయ్యికి కలిపేది రబ్బరు ట్యూబే. ఎక్కువ ఇళ్లలో నిర్లక్ష్యం ఇక్కడే. మామూలు ఆకుపచ్చ రబ్బరు ట్యూబు వాడొద్దు. లోపల స్టీల్ వైరు అల్లిక ఉండే నారింజ రంగు సురక్ష హోస్ మాత్రమే వాడాలి. దానికి ఐఎస్ 9573 ప్రమాణం ఉంది. మీద తయారీ తేదీ ఉంటుంది. ఐదేళ్లకోసారి తప్పకుండా మార్చాలి. పొడవు మీటరున్నర దాటకూడదు. గోడలోంచి, అల్మారా లోంచి దూర్చకూడదు. రెండు ముక్కలు కలిపి వాడకూడదు.

పత్తి, మిర్చి, ధాన్యం ఇంట్లో నిల్వ చేసే ఊళ్లలో ఎలుకలు, పందికొక్కుల బెడద తెలిసిందే. వైరు అల్లిక లేని ట్యూబును ఒక్క రాత్రిలో కొరికేస్తాయి. గట్టు కింద చీకట్లో ఉండే ట్యూబును నెలకోసారైనా లైటు వేసి చూడాలి.

నల్లరేగడి నేల.. పైపు పాతితే ఏమవుతుంది?

గుంటూరు, పల్నాడు, పర్చూరు, అద్దంకి వైపు నేల చాలాచోట్ల నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండాకాలంలో కుంచించుకుపోయి నెర్రెలు బారుతుంది. ఏడాదికోసారి జరిగే ఈ కదలికకే ప్రహరీ గోడలు పగులుతాయి, గచ్చు లేస్తుంది. ఆ నేలలో జీఐ పైపు పాతితే నేల దాన్ని వంచుతుంది. పైపు మధ్యలో వంగదు, లోహం తక్కువగా ఉన్న మర దగ్గరే విరుగుతుంది. దానికి తోడు చెమ్మ పట్టి ఉండే మట్టిలో తుప్పు.

అందుకే పెరట్లో బండ పెట్టి, నేలలోంచి వంటింటికి పైపు తీసుకెళ్లే ఆలోచన వద్దు. గోడ వెంట, కంటికి కనిపించేలా క్లాంపులతో తీసుకెళ్లడమే మంచిది. దూరం ఎక్కువైనా పర్లేదు. గోడ దాటే చోట కాస్త పెద్ద పైపు ముక్కను తొడుగులా పెట్టి, దాని మధ్యలోంచి గ్యాస్ పైపు పంపాలి. గోడ కాస్త కుంగినా గ్యాస్ పైపు మీద బరువు పడదు.

గోడకు గాడి కొట్టి పైపు దాచేయడం చూడటానికి అందమే. కానీ లీకైతే ఎక్కడో తెలియదు. రేపు ఫొటో ఫ్రేమ్‌కో, అల్మారాకో డ్రిల్ పెట్టేవాడికి పైపు ఎక్కడుందో తెలియదు. తప్పనిసరిగా దాచాల్సి వస్తే ఆ భాగంలో ఒక్క జాయింట్ కూడా ఉండకూడదు. సిమెంట్ పూసే ముందు సెల్‌ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి.

నగరం పేలుడు చెప్పిన పాఠం

తుప్పు ఎంత పని చేస్తుందో ఆంధ్రప్రదేశ్ కళ్లారా చూసింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలోని నగరం గ్రామంలో గెయిల్ గ్యాస్ పైప్‌లైన్ పేలి 20 మందికి పైగా చనిపోయారు. అది 18 అంగుళాల ఉక్కు పైపు. పొడి గ్యాస్ కోసం వేసిన లైన్‌లో తేమ ఉన్న గ్యాస్ వెళ్లడం, లోపల నీరు చేరి పైపును తుప్పు తినేయడం కారణమని విచారణలో తేలింది.

అది భారీ ఒత్తిడితో నడిచే పెద్ద లైన్. వంటింటి పైపుతో దానికి పోలిక లేదు. కానీ పాఠం ఒకటే. పైపు ఎంత గట్టిదన్నది ఒక్కటే చాలదు. అందులో ఏం వెళ్తోంది, దాని చుట్టూ ఏముంది, ఎవరైనా చూస్తున్నారా అన్నవి కూడా అంతే ముఖ్యం.

గోబర్ గ్యాస్ వాడే ఇళ్లకు ఇది నేరుగా వర్తిస్తుంది. ఆ గ్యాస్‌లో తేమ ఎక్కువ, హైడ్రోజన్ సల్ఫైడ్ కూడా ఉంటుంది. రాగిని, ఇత్తడిని, ఇనుమును అది తినేస్తుంది. కాబట్టి గోబర్ గ్యాస్ లైన్‌కు రాగి వద్దు. ప్లాంటు నుంచి ఇంటి దాకా హెచ్‌డీపీఈ పైపు, ఇంటి లోపల జీఐ వాడి, దాన్ని ఎప్పటికప్పుడు చెక్ చేసి మార్చుకోవాలి. పైపును కాస్త వాలుగా వేసి, పల్లపు చోట నీళ్లు తీసేసే ఏర్పాటు పెట్టాలి.

బండ బయట ఎక్కడ పెట్టాలి?

ఎల్పీజీ గాలి కంటే బరువు. లీకైతే పైకి పోదు, నేల మీద పాకి పల్లంలో చేరుతుంది. కాబట్టి నీళ్ల సంపు, డ్రైనేజీ గుంత, సెల్లార్ పక్కన సిలిండర్ వద్దు. నీడ, గాలి ఉన్న చోట, నేల మట్టం మీద, నిలబెట్టి ఉంచాలి. పైప్‌లైన్ గ్యాస్ మాత్రం గాలి కంటే తేలిక. అది పైకి లేచి సీలింగ్ కింద చేరుతుంది. దానికి పైన వెంటిలేటర్ ఉండాలి.

లైన్‌కు రెండు వాల్వులు తప్పనిసరి. ఒకటి బయట బండ దగ్గర, ఒకటి పొయ్యి దగ్గర చేతికి అందేలా. ఫంక్షన్లకు వాడే పెద్ద పొయ్యి హైప్రెషర్ రెగ్యులేటర్‌ను ఇంటి లైన్‌కు ఎప్పుడూ తగిలించొద్దు. ఇంటి పొయ్యి, హోస్ ఆ ఒత్తిడికి చేసినవి కావు.

రేపు పైప్‌లైన్ గ్యాస్ వస్తే ఈ లైన్ పనికొస్తుందా?

విజయవాడలో భాగ్యనగర్ గ్యాస్ ఇప్పటికే ఇళ్లకు పైప్‌లైన్ గ్యాస్ ఇస్తోంది. మన దగ్గరకూ వస్తే పాత ఎల్పీజీ లైన్‌కు కలిపేయొచ్చని లెక్క వేసుకోవద్దు. ఒకే పరిమాణంలో ఎల్పీజీ ఇచ్చే వేడి, సహజ వాయువు ఇచ్చే వేడికి రెండున్నర రెట్లు. అంటే అదే మంటకు ఈ గ్యాస్ ఎక్కువ పారాలి, పైగా ఒత్తిడి తక్కువ. సన్నటి పైపు సరిపోకపోవచ్చు. పొయ్యి జెట్లు కూడా మార్చాలి. కంపెనీవాళ్లు తమ పైపు తామే వేస్తారు. ఆ లైన్‌లో సొంతంగా మార్పులు చేయకూడదు.

పని పూర్తయ్యాక ఈ టెస్టులు అడగండి

* సిమెంట్, రంగు వేయక ముందే టెస్ట్ జరగాలి.
* లైన్‌లో గాలి నింపి, గేజ్ పెట్టి, వాల్వులు మూసి ముల్లు కదలకుండా నిలిచిందో లేదో చూడాలి. ఆక్సిజన్ సిలిండర్‌తో టెస్ట్ చేయనివ్వొద్దు.
* గ్యాస్ వదిలాక ప్రతి జాయింట్ మీద సబ్బు నురగ రాసి చూడాలి. బుడగ లేస్తే లీకే. అగ్గిపుల్ల గీసి చూడటం ప్రాణాల మీదకు తెచ్చుకోవడమే.
* గ్యాస్ పైపుకు కరెంటు ఎర్త్ వైరు కలపొద్దు. వైరింగ్ పైపులకు దూరంగా ఉంచాలి.
* లైన్ వేయించే ముందే గ్యాస్ ఏజెన్సీకి చెప్పాలి. పూర్తయ్యాక వాళ్ల మెకానిక్‌తో చెక్ చేయించుకోవాలి.

ఏజెన్సీకి చెప్పడంలో ఇంకో లాభం ఉంది. ఎల్పీజీ ప్రమాదాలకు ఆయిల్ కంపెనీల ఇన్సూరెన్స్ ఉంటుంది. ప్రాణం పోతే ఒక్కొక్కరికి రూ.6 లక్షలు, గాయపడితే వైద్యానికి ఒక్కొక్కరికి గరిష్ఠంగా రూ.2 లక్షలు, ఆస్తి నష్టానికి రూ.2 లక్షల వరకు. ఆస్తి నష్టం వర్తించేది కనెక్షన్ రిజిస్టర్ అయిన ఇంటికే. ఇల్లు మారితే అడ్రస్ మార్పించుకోవడం మర్చిపోవద్దు. హోస్, రెగ్యులేటర్, పొయ్యి అన్నీ ఐఎస్ఐ మార్కువే వాడి, బిల్లులు దాచుకోండి.

ఒక్క మాటలో ఏది ఎంచుకోవాలి?

* ఇంటి లోపల, గోడ మీదుగా వెళ్లే లైన్: రాగి, బ్రేజింగ్ జాయింట్లతో.
* ఇంటి బయట, దెబ్బ తగిలే చోట: మీడియం లేదా హెవీ జీఐ, పైన రంగుతో.
* ఎరువులు, చావిడి పక్కన: ముందు దారి మార్చండి.
* గోబర్ గ్యాస్: రాగి వద్దు.
* పొయ్యి దగ్గర: మీటరున్నర లోపు సురక్ష హోస్, ఐదేళ్లకోసారి కొత్తది.
* పీవీసీ, సీపీవీసీ: ఎక్కడా వద్దు.

వాసన వస్తే ఏం చేయాలి?

గ్యాస్‌కు సొంతంగా వాసన ఉండదు. లీకైతే తెలియాలని ఘాటైన మెర్‌కాప్టన్ కలుపుతారు. ఆ వాసన రాగానే లైటు, ఫ్యాను, ఎగ్జాస్ట్ స్విచ్ ఏదీ వేయొద్దు, ఆపొద్దు. పొయ్యి నాబ్‌లు, రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు, కిటికీలు తెరిచి, ఇంట్లో అందరినీ బయటికి తీసుకురండి. బయటికి వచ్చాకే ఫోన్ చేయాలి. ఎల్పీజీ లీక్ ఎమర్జెన్సీ నంబర్ 1906. ఈ నంబర్‌ను ఇప్పుడే సేవ్ చేసుకోండి, ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్‌లోనూ వేసి పెట్టండి.